వీపు మీద చెయ్యి

మొగుడు అబద్ధమాడితే మొహంలో వెతుక్కోవాలి. జోడీగా డాన్స్ చేసేవాడు అబద్ధమాడితే ఆ కష్టం లేదు, వీపు మీదే తెలిసిపోతుంది. బట్టల కొట్టు పైఅంతస్తులో బాల్‌రూమ్ డాన్స్ నేర్పే మేడమ్‌కి అలాగే తెలిసింది. వాల్ట్జ్‌లో జోడీ కుడిచెయ్యి ఆమె ఎడమ భుజం ఎముక కింద ఆనాలి. ఏళ్ల తరబడి ఆ చెయ్యి ఆ చోటును తడుముకోకుండా అందుకునేది. ఆ సోమవారం బెత్తెడు కిందికి దిగింది.

అంత కిందికి దిగిందంటే, ఆ చెయ్యి ఎవత్తో పొట్టిదానికి అలవాటు పడుతోందన్నమాట.

జోడీ అంటే పెళ్లి కాదు గానీ, విడిపోతే అంతకంటే పెద్ద గొడవ. వచ్చే నెల పెద్ద పోటీ ఉంది. నలభైకి దగ్గర పడ్డ మనిషికి ఇప్పుడు కొత్త జోడీ ఎక్కడ దొరుకుతాడు? పోటీల్లో కనిపించని టీచర్ దగ్గరికి నేర్చుకోవడానికి ఎవరొస్తారు?

ముందు గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తే అక్క అగ్నికి ఆజ్యం పోసింది.

"నీకిప్పుడు తెలిసిందా? వారం నుంచీ సెంటు కొట్టుకొస్తున్నాడు. అతనికి ఆ వాసనే పడదనేదానివి కదే!"

"ఎవరై ఉంటారక్కా?"

"ఇంకెవరు, బుడ్డి! చా-చా డాన్స్ క్లాసుకి అందరికంటే ముందొచ్చి నిలబడుతుంది చూడు."

బుడ్డి అని అందరూ పిలిచే ఆ పిల్ల అతని భుజం దాకా కూడా రాదు. కొలత సరిగ్గా సరిపోయింది. అతను మెట్లు దిగితే మేడమ్ కిటికీ దగ్గర, అతని ఫోన్ మోగితే తలుపు చాటున. 'ఇవాళ కాస్త తొందరగా వెళ్తా' అని అతనంటే చాలు, ఆమెకు ఒళ్లు మండిపోయేది. బుడ్డి ఏ అడుగు వేసినా తప్పే అయింది. పాపం, ఎందుకు తిట్లు పడుతున్నాయో ఆ పిల్లకి తెలియదు.

అతను వదిలేసేలోపు తన దారి తను చూసుకోవాలనుకుంది మేడమ్. ఇంకో డాన్స్ స్కూల్లో జోడీ కోసం వెతుకుతున్న మాస్టర్ ఒకడున్నాడు, నిచ్చెన లాంటి మనిషి. గుట్టుచప్పుడు కాకుండా రెండు మధ్యాహ్నాలు అతనితో చేసి చూసింది. అతని ఎత్తుకు తూగాలని మెడ సాగదీసి సాగదీసి, ఇంటికొచ్చి కాపడం పెట్టుకుంది. తప్పు చేస్తున్నట్టు మాత్రం అనిపించలేదు. తప్పంతా అవతలివాడిదే అనుకున్నప్పుడు ఎవరికీ అనిపించదు.

మర్నాడు ప్రాక్టీసులో చెయ్యి ఇంకాస్త జారింది. మేడమ్ పాట మధ్యలోనే ఆగిపోయింది.

"ఎవరది?"

"ఎవరేంటి?"

"నా చెవిలో పువ్వులు పెట్టకు. నీ చెయ్యి ఎవత్తో పొట్టిదాని కొలతకి దిగింది. బుడ్డేనా?"

అతను చొక్కా కాలర్ పక్కకి లాగాడు. భుజం చుట్టూ వెడల్పాటి పట్టీ ఉంది. సెంటు వాసన కిందనుంచి నొప్పి మందు ఘాటు గుప్పుమంది.

"చెయ్యి అంతకంటే పైకి లేవట్లేదు. సాయంత్రాలు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా. చెప్తే వేరేవాణ్ని చూసుకుంటావని చెప్పలేదు."

మేడమ్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "ఒక్క మాట నాతో అనొచ్చుగా," అని గొణిగింది.

"నువ్వన్నావా?" అన్నాడు అతను మెల్లగా. "మొన్నట్నుంచి నీ మెడ పైకొచ్చింది. నా తల మీదుగా చూస్తున్నావు. నాకంటే పొడుగున్నవాడితో చేస్తున్నావు."

"తెలిసీ అడగలేదేం?"

"అడిగితే అటే వెళ్లిపోతావేమోనని."

ఆమె కళ్లు తుడుచుకుని పాట మొదట్నుంచి పెట్టింది. అతను పళ్లు బిగించి చెయ్యి పైకి ఎత్తబోయాడు. ఆమె ఆ చేతిని పట్టుకుని, బెత్తెడు కిందే ఆనించుకుంది. తర్వాత మెడ మునుపటి ఎత్తుకు దించాలని చూసింది. అది అంత త్వరగా దిగలేదు. దిగలేదని అతని చేతికి తెలుస్తూనే ఉంది.