నూట పదహార్ల పాట

"సైకిలా? నీకా?" అన్నాడు త్యాగరాజు, దోసె మీద కారప్పొడి చల్లుకుంటూ. ఆ రెండు మాటల మధ్య ఒక నవ్వు ఉంది. పన్నెండేళ్ళ కాపురంలో కృష్ణకుమారికి ఆ నవ్వు బాగా తెలుసు. పెనం మీద ఇంకో దోసె పోసి, చుట్టూ నూనె తిప్పి, "స్కూలుకి వెళ్ళడానికండీ" అంది. వంటింట్లోంచి గొంతు పెంచి చెబితే "ఎందుకలా అరుస్తావ్" అంటాడు. పెంచకపోతే "ఏంటా గొణుగుడు" అంటాడు. ఆ రెంటికీ మధ్య ఉండే గొంతొకటి ఆమె ఈ ఇంటికొచ్చాకే నేర్చుకుంది.

స్కూలంటే పెద్దదేం కాదు. ఢిల్లీ పక్కనున్న నోయిడాలో వాళ్ళ సెక్టారుకి మూడు సెక్టార్ల అవతల కొత్తగా తెరవబోతున్న బడి. లెక్కల టీచరు కావాలన్నారు. కృష్ణకుమారి గుంటూరులో లెక్కల్లో ఎమ్మెస్సీ చదివి, బీయెడ్ కూడా చేసింది. ఆ పట్టాలు పెళ్ళిచీరలతో పాటు ఇనప్పెట్టెలో కలరా ఉండల వాసన పీల్చుకుంటూ పడున్నాయి. ప్రిన్సిపాల్ మేడమ్ ఆమెతో ఓ పాఠం చెప్పించుకుని, ఏప్రిల్లో బడి తెరిచే రోజున చేరిపొమ్మంది. ఇక మిగిలింది వెళ్ళడమే. బస్సులో వెళ్తానంటే, "ఆ బస్సుల్లో ఆడవాళ్ళని ఎలా నలిపేస్తారో తెలుసా? నేను చూస్తూ ఊరుకోవాలా?" అన్నాడు. రిక్షా మాట్లాడుకుంటానంటే, "రోజూ ఒకే రిక్షావాడితోనా? సొసైటీలో వాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు. నడిచి వెళదామంటే, కూతురు తేజశ్రీని వ్యానెక్కించాక అంత వ్యవధి ఉండదు. అన్నీ పోగా సైకిల్ మిగిలింది. చిన్నప్పుడు బాపట్లలో హైస్కూలు చదువంతా సైకిల్ మీదే సాగింది ఆమెకి.

"కొనుక్కో, నేనొద్దన్నానా?" అన్నాడు త్యాగరాజు చెయ్యి కడుక్కుంటూ. "నాలుగు రోజుల ముచ్చటకి కొత్తదెందుకు దండగ? ఇంటర్నెట్‌లో వేలం సైట్లొచ్చాయిగా, సెకండ్ హ్యాండ్‌ది పాడుకో. కాకపోతే ముందే చెప్తున్నా, నీలాంటి అమాయకుల కోసమే అక్కడ మోసగాళ్ళు కాచుక్కూచుంటారు."

ఆయన దేన్నీ వద్దనడు. అదే ఆయన గొప్పతనం. పెళ్ళైన కొత్తలో ఆమె బ్యాంకు పరీక్ష రాస్తానంటే కూడా వద్దనలేదు. సరిగ్గా ఆ ఆదివారానికి తెనాలి నుంచి వాళ్ళమ్మ హనుమాయమ్మనీ, ఆవిడతో పాటు మరో నలుగురు చుట్టాలనీ తాజ్‌మహల్ చూపిస్తానని పిలిపించాడు, అంతే. "మావాడు పెళ్ళాన్ని ఏదీ కాదనడమ్మా, కోడలు పెట్టిపుట్టింది" అని ఆవిడ ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటుంది. కాదనడనేది నిజమే మరి, అబద్ధమెలా అవుతుంది!

హాల్లో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి మోసాల పాఠాలు ఆయనే మొదలెట్టాడు. ముందే డబ్బు పంపమన్నవాణ్ణి నమ్మకు. ఫోటోలో వెనకాల మంచు కురుస్తుంటే అది ఏ విదేశీ సైటులోంచో ఎత్తుకొచ్చిన బొమ్మ. పెడళ్ళ కింద చెక్కి ఉండే నంబరు గీకేసి ఉంటే దొంగ సైకిల్. అమ్మేవాడే ఇంకో పేరుతో పాట పాడి ధర పెంచుతాడు. కృష్ణకుమారి బుద్ధిగా విన్నది. ఆ తర్వాత వంటయ్యాక, బట్టలు మడతపెట్టాక, పప్పు నానబోశాక దొరికే కాస్త తీరికలో తనే సొంతంగా చూడ్డం మొదలుపెట్టింది. ఒకరోజు ఓ లేడీస్ సైకిల్ ఫోటో చూస్తూ ఉలిక్కిపడింది. గొలుసు ఎడమవైపుంది. ఏ సైకిల్‌కైనా గొలుసు కుడివైపే ఉంటుంది. హైస్కూల్లో ఎన్ని లంగా అంచులు ఆ గొలుసులో పడి నల్లబడ్డాయో, ఎన్నిసార్లు అమ్మ చేత తిట్లు తిన్నదో, అంత తేలిగ్గా మర్చిపోతుందా! ఎవరి ఫోటోనో దొంగిలించి, తెలియకుండా ఉండాలని కుడియెడమలు తిప్పేసి పెట్టాడు ఆ మహానుభావుడు. ఆమె ఆనందం పట్టలేక త్యాగరాజుకి చూపించింది. "పర్లేదే" అన్నాడాయన. మర్నాడు ఆఫీసు మిత్రులందరికీ ఆ ఫోటోతో మెయిల్ పంపాడు. "చూడగానే పట్టేశాను" అని రాశాడు.

మొదట ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో సివిల్స్ కోచింగ్ ముగించుకుని ఊరెళ్ళిపోతున్న ఒకమ్మాయి సైకిల్ పెట్టింది. అన్ని పరీక్షలకీ నిలిచిన బండి. కృష్ణకుమారి పాడింది. ఆఖరి ఘడియలో ఎవరో పైన పాడేసి ఎగరేసుకుపోయారు. తర్వాత గుర్గావ్‌లో ఒకటి. అదీ అంతే, పైగా అదే పేరుగల మనిషి. "ఇద్దరు వేరు వేరు అమ్మకందార్లకి ఒకడే ఎలా వచ్చాడండీ?" అని అడిగింది. "ముఠాలే కుమారీ! వాళ్ళలో వాళ్ళే పాడుకుని ధర పెంచుతారు. ఇంకో సంగతి విను. రేప్పొద్దున నీకు ఫోన్ చేసి, గెలిచినవాడు రాలేదు, మీరు తీసుకుంటారా అంటారు. అది అన్నిటికంటే పెద్ద మోసం. ఠక్కున పెట్టెయ్యాలి" అన్నాడు. అన్నట్టే ఫోన్లు వచ్చాయి. కోచింగ్ అమ్మాయి చేసింది, గుర్గావ్ ఆయనా చేశాడు. కృష్ణకుమారి ఠక్కున పెట్టేసింది. మొగుడు ఎంత ముందుచూపున్నవాడో అని ఆరోజు మురిసిపోయింది కూడా.

మార్చి నెల చివరికొచ్చింది. తేజశ్రీ రోజూ వ్యాను దిగగానే, "మమ్మీ, ఆప్‌కీ సైకిల్ కబ్ ఆయేగీ?" అని, సైకిల్ ఎప్పుడొస్తుందని హిందీలోనే అడిగేది. ఆ సమయంలో సాకేత్‌లో ఒక పెద్దావిడ తన కోడలి సైకిల్ అమ్మకానికి పెట్టింది. ముందు బుట్ట, వెనక క్యారియర్, మడ్‌గార్డు మీద చిన్న సొట్ట. ఆ సొట్టని కూడా దగ్గర్నుంచి ఫోటో తీసి పెట్టింది. మోసం చేసేవాళ్ళు సొట్టలు చూపించరు. కృష్ణకుమారి ఇంటి నంబరిచ్చి వివరాలన్నీ కనుక్కుంది, తన దగ్గరున్నదంతా పెట్టి పాడింది. మళ్ళీ పోయింది. మళ్ళీ అదే మనిషి. మర్నాడు సాకేత్ ఆవిడ ఫోన్ చేసి, గెలిచినతను ఫోనెత్తడం లేదు, నువ్వు తీసుకుంటావా బేటీ అంటే, "మీ వయసుకి ఈ దొంగ వేషాలేంటి ఆంటీ!" అని హిందీలో కడిగిపారేసి పెట్టేసింది. ఏప్రిల్ మొదలైంది. బడి తెరిచారు. ఇంకొక్క వారం ఆగమని ఆమె బతిమాలితే ప్రిన్సిపాల్ మేడమ్ సరేనని, వారం కాగానే ఇంకెవర్నో తీసుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి సాకేత్ ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. తిట్టినందుకు కోపం లేదట. సైకిల్ ఇంకా బాల్కనీలోనే ఉందట. "ఒక్క మాట చెప్పు బేటీ. నువ్వు నన్ను దొంగన్నావు. ఠీక్ హై. కానీ ఆ పాడినవాడెవడో నాకూ అంతుబట్టలేదు. వెయ్యిన్నూట పదహారు! మావైపు శుభానికైతే చివర ఒకటి కలుపుతాం, పదకొండు వందల ఒకటి అంటాం. ఈ పదహారేంటి? ఎవరు పెడతారు ఇలా?"

కృష్ణకుమారి ఫోన్ పెట్టేసి కంప్యూటరు ముందు కూర్చుంది. ఎవరు పెడతారు? పెళ్ళి చదివింపుల్లో ఎవరు పెడతారు? పురోహితుడి తాంబూలంలో ఎవరు పెడతారు? ఆఫీసులో ఎవరి పెళ్ళికి చందాలెత్తినా తన పేరు పక్కన నూట పదహారు రాసి అందరిచేతా నవ్వించుకునేదెవరు? పాత వేలాలు తీసి చూసింది. కోచింగ్ అమ్మాయి సైకిల్‌కి ఆరు వందల పదహారు. గుర్గావ్ సైకిల్‌కి తొమ్మిది వందల పదహారు. ఈ అంకెల్ని ఆమె ఇదివరకే చూసింది. మంచు చూసింది, పెడళ్ళ కింద నంబరు చూసింది, గొలుసు ఏవైపుందో చూసింది. ఈ పదహార్లు మాత్రం అనుమానం కలిగించలేదు. పుట్టినప్పటినుంచీ ఎరిగిన అంకె, ఇంట్లో మనిషిలాంటి అంకె. ఢిల్లీ మొత్తంలో తను సైకిల్ కొనకూడదని కోరుకునే తెలుగువాడు ఒక్కడే ఉన్నాడు, ఆయనకి సాయంత్రం కాఫీ వేళవుతోంది.

త్యాగరాజు సోఫాలో కూర్చుని కాఫీ అందుకున్నాడు. "ఆ పదహార్లు మీరేనా?" అని అడిగింది. ఆయన నవ్వేశాడు.

"కనిపెట్టావే! నా ట్రైనింగ్ ఊరికే పోలేదు."

"ఎందుకండీ?"

"ఎందుకేంటి, నీ మంచికే. ఆ రోడ్డు మీద లారీలెలా పోతాయో చూశావా? రేపు నీకేమన్నా అయితే పిల్లనెవరు చూస్తారు? మొహం మీద వద్దంటే బాధపడతావని వద్దనలేదు. ఎంతమంది మొగుళ్ళు ఇలా ఆలోచిస్తారు చెప్పు?" కాఫీ ఒక గుక్క తాగాడు. "అయినా వేలమన్నాక ఎవరైనా పాడొచ్చు. నీకంత కావాలనుంటే ఇంకా పైకి పాడాల్సింది."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఓదారుస్తాడు, ఆ ఓదార్చిన మంచితనం కూడా ఆయన ఖాతాలోకే పోతుంది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమింది. పెళ్ళైన కొత్తనాటి ఆ బ్యాంకు పరీక్షా, ఆగ్రా వెళ్ళే టాక్సీలో తన ఒళ్ళో పెట్టిన పులిహోర డబ్బా గుర్తొచ్చాయి. అప్పట్నుంచీ జారిపోయిన ప్రతిదాన్నీ తన చేతకానితనం అనుకుంది, తన తలరాత అనుకుంది. ఇంకెన్ని పాటలు ఇలా ఎదురు పాడాడో ఇప్పుడెవరు చెప్తారు? పోనీ వదిలేసి వెళ్ళిపోతే? ఎక్కడికి? అన్నయ్య బావగారిని దేవుడంటాడు. చేరాల్సిన ఉద్యోగంలో ఇంకొకరు చేరిపోయారు. మర్నాడు సాకేత్ ఆవిడకి తనే ఫోన్ చేసి క్షమించమంది. "అరే, పోనీలే. సైకిల్ ఉంచనా నీకోసం?" అంది ఆవిడ. "వద్దు ఆంటీ, ఎవరికైనా ఇచ్చేయండి. నాకిప్పుడు వెళ్ళే చోటు లేదు" అంది కృష్ణకుమారి.

ఆరోజే ఒక నిర్ణయం తీసుకుంది. అది చాలా చిన్నది, ఎవరికీ కనపడనిది. తనకేం కావాలో ఈ ఇంట్లో ఇంకెప్పుడూ నోరు తెరిచి చెప్పకూడదు. చీర దగ్గర్నుంచి చదువు దాకా ఏదీ చెప్పకూడదు. చెప్పిన ప్రతి కోరికా ఆయన చేతికి దొరుకుతుంది.

దసరాకి త్యాగరాజు ఆఫీసు స్నేహితుడు కనకయ్య భార్యతో కలిసి భోజనానికి వచ్చాడు. కనకయ్య భార్య పండక్కి గాజులు కావాలని మొగుణ్ణి సాధిస్తోంది. త్యాగరాజు పప్పులో నెయ్యి వేయించుకుంటూ గర్వంగా నవ్వాడు. "మా ఇంట్లో ఆ గొడవే లేదండీ. ఈమధ్య మా ఆవిడ ఎంత మారిందంటే, కోరికలే లేవు. కావాలంటే మీరే అడగండి. కుమారీ, పండక్కి నీకేం కావాలి?"

"నాకేం వద్దండీ" అంది కృష్ణకుమారి, ఆయన విస్తట్లో ఇంకాస్త అన్నం వడ్డిస్తూ.

ఎంత పెద్ద మోసాన్నైనా చూడగానే పట్టేసే త్యాగరాజు, ఆ మాటని నమ్మాడు.