అవతలి ఒడ్డున పాలు

ఆ ఏడు కిన్‌కెరి మా ఇంట్లో జరిగింది. ఏటా మార్చిలో పాస్టర్ గారు ఏదో ఒక ఇంటికి వచ్చి, చుట్టుపక్కల వాళ్ళందరికీ చదువూ మతప్రశ్నలూ పరీక్ష పెట్టి, పెద్ద పుస్తకంలో ఒక్కొక్కరి పేరు పక్కన గుర్తు వేసుకుని వెళ్ళేవారు. అమ్మ మూడు రోజుల ముందు నుంచే రై రొట్టెలు కాల్చింది. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. కాఫీ అందించడం నా పని.

పాస్టర్ తుర్కియా గారు మా కైనూ అడవులకు కొత్త. హెల్సింకిలో చదువుకున్న మనిషి, ముప్ఫై నిండలేదు, ఎవర్నీ కసిరేవారు కాదు. ముసలి తానేలి ఏడో ఆజ్ఞ దగ్గర నీళ్ళు నమిలితే, "దొంగతనం చెయ్యకూడదన్నదే మర్చిపోతే ఎలా తానేలి మామా?" అన్నారు.

"చెయ్యకూడదని గుర్తుంది బాబూ. అది ఎన్నోదో గుర్తులేదు."

గదంతా నవ్వింది. ఆ నవ్వు తగ్గాక ఆయన పుస్తకం మూసి, సొంత మాట మొదలుపెట్టారు.

"దేవుడున్నాడని నీకెలా తెలుసు అని ఎవరైనా అడిగితే ఏం చెప్తారు? అప్పుడే పుట్టిన బిడ్డను చూపించండి. కళ్ళు తెరవకముందే నోరు తిప్పి వెతుక్కుంటుంది. పాలున్నాయని దానికెవరూ చెప్పలేదు. పాలే లేని లోకంలో అలాంటి నోరు పుట్టదు. మన మనసు దేవుడి కోసం కొట్టుకుంటుందే, అదీ అంతే. ఆయన లేకపోతే ఈ ఆరాటం మనకెక్కణ్ణుంచి వచ్చింది?"

ఆడవాళ్ళు తలలూపారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. పాస్టర్ గారు సంతోషంగా మంత్రసాని వైపు తిరిగారు. "సైమి గారికి నాకంటే బాగా తెలుసు. అవునో కాదో మీరే చెప్పండి."

సైమి రౌతామాకికి యాభై దాటాయి. ఇరవై రెండేళ్ళుగా మా ఊళ్ళన్నిటికీ ఆవిడే మంత్రసాని. ఆ గదిలో నాతో సహా సగం మందిని ఈ లోకంలోకి లాగింది ఆవిడ చేతులే. లేచి నిలబడింది.

"పిల్లల నోళ్ళ సంగతి నిజమే పాస్టర్ గారూ. మిగతాదే ఒప్పుకోను."

తర్వాత తలుపు పక్క బల్ల మీద కూర్చున్న తావెట్టి వైపు చూసింది. జనవరిలో అతని భార్య హెల్యా కాన్పులో పోయింది. అప్పట్నుంచి అతను మనుషులతో మాట్లాడటం మానేశాడు.

"తావెట్టీ, చెప్పమంటావా? నువ్వు వద్దంటే కూర్చుంటాను."

అతను చెప్పమన్నట్టు తలూపాడు.

"హెల్యా రక్తం పోయి చనిపోయింది. బిడ్డ బతికాడు" అంది సైమి. "బయట మంచుతుఫాను. ఇంట్లో ఆవు ఒట్టిపోయి ఉంది. రెండు రోజులు చక్కెర నీళ్ళలో గుడ్డ ముంచి పెట్టాను. వాడు ఉమ్మేసి మళ్ళీ నోరు తిప్పేవాడు. నా చేతి మడత దొరికితే అది చీకాడు. గుండీ దొరికితే గుండీ చీకాడు. మూడో రోజు గాలి తగ్గగానే వాణ్ణి శాలువాలో చుట్టి రొమ్ముకు కట్టుకుని స్కీల మీద గడ్డకట్టిన చెరువు దాటి ముస్తోలా ఇంటికి పోయాను. ఆ ఇంటి కోడలు చంటిబిడ్డ తల్లి. నేను శాలువా విప్పేసరికే వాడు లేడు."

పాస్టర్ గారి ముఖం పాలిపోయింది. అయినా ఆయన తప్పించుకోలేదు. "అది ఘోరం. కానీ సైమి గారూ, ముస్తోలాలో పాలున్నాయి కదా. వాడి ఆకలి అబద్ధం చెప్పలేదు కదా."

"లేదు, పాలున్నాయి. అవతలి ఒడ్డున ఉన్నాయి. మీ దేవుడు కూడా అలాగే, ఒక ఇల్లు అవతల ఉన్నాడంటారా? అయితే ఆ మాట నాకు కాదు, తావెట్టికి చెప్పండి, వాడి మొహం చూస్తూ."

చర్చి పెద్ద ఒల్లికైనెన్ కాఫీ గిన్నె ఠపీమని పెట్టాడు.

"అడిగినదానికి అవునని చెప్పి కూర్చో సైమీ. నోరు మూసుకోవడం నీకెవరూ నేర్పలేదా?"

"నీ ఆరుగురు పిల్లల్నీ వీపు చరిచి ఏడిపించింది నేనే. అప్పుడు నోళ్ళు మూయించమని అడగలేదే నువ్వు."

తానేలి మామ కిసుక్కుమన్నాడు. ఇంకెవరూ నవ్వలేదు.

పాస్టర్ గారు కలం తీసి, చాలా మెల్లగా అడిగారు. "పుస్తకంలో రాయాలి. మీకు నమ్మకం ఉందా, లేదా?"

"ఆయన కావాలని ఉంది" అంది సైమి. "ప్రతి కాన్పుకీ స్కీల మీద పోతూ దారంతా అడుగుతూనే ఉంటాను. సిగ్గు లేకుండా అడుగుతాను. నాకంత కావాలి కాబట్టే నా మాట నేను నమ్మను. దాహంతో ఉన్నవాడు దూరాన నీళ్ళు కనబడుతున్నాయంటే మీరు నమ్ముతారా? నా ఆరాటాన్ని సాక్ష్యానికి పిలవకండి. అది నాది. నన్ను దాన్ని మోయనివ్వండి."

తావెట్టి లేచాడు. రెండు నెలల తర్వాత అతని నోట మేం విన్న మొదటి మాట ఇది.

"ఈవిడ ఆ బిడ్డకి రెండు రోజులు పాట పాడింది. నేను పాడలేకపోయాను." టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పాస్టర్ గారు సైమి పేరు పక్కన ఏమీ రాయలేదు. అమ్మ నన్ను మోచేత్తో పొడిస్తే నేను కాఫీ పోశాను. సగం పళ్ళెంలో పడింది.

సైమి వాకిట్లో స్కీలు కట్టుకుంటుంటే పాస్టర్ గారు కోటు లేకుండానే వెళ్ళారు. నేను చీపురు పట్టుకుని మెట్ల మీద ఉన్నాను కాబట్టి విన్నాను.

"ఆ వాదన నేను మీ కోసం తయారు చేసుకోలేదు" అన్నారాయన. "మా అన్న పోయినప్పుడు నా కోసం చేసుకున్నాను."

సైమి లేచి ఆయన కాలరు మీది మంచు దులిపింది, పిల్లాడికి దులిపినట్టు.

"అయితే నీ కోసం ఉంచుకో నాయనా. ఇంకొకరి బిడ్డ నోరు మాత్రం అరువు తీసుకోకు."

ఆ వారమే ఒల్లికైనెన్ ఆవిడను ఉద్యోగంలోంచి తీసెయ్యాలని కాగితం రాసి ఇంటింటికీ తిప్పాడు. తావెట్టి అతనికంటే ముందు ప్రతి గడపకూ స్కీల మీద వెళ్ళి, "సంతకం పెట్టకండి" అనేవాడు, అంతే. పాస్టర్ గారినీ అడిగారు. పెట్టనన్నారు. ఆ కాగితం మీద నాలుగే పేర్లు పడ్డాయి.

సైమి ఇంకో పదకొండేళ్ళు పని చేసింది. ఆదివారాలు చర్చికి మానలేదు. మా వెనక వరసలోనే నిలబడేది. దేవుణ్ణి రమ్మని, వినమని అడిగే పాటలకు కిటికీలు అదిరేలా గొంతెత్తేది. ఆయన దొరికాడని, విన్నాడని చెప్పే పాటలకు మాత్రం పెదవులు బిగించి, పాస్టర్ గారి కళ్ళలోకి సూటిగా చూస్తూ నిలబడేది.