అంకమ్మరావు బతికే ఉన్నాడు

ఫోను మోగేసరికి మల్లీశ్వరి మొగుడికి మారు వడ్డిస్తోంది. కుడిచేతికి గోంగూర పచ్చడి అంటుకుని ఉంది. ఎడమచేత్తో ఫోను తీసి చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. అవతల ఎవరో పెద్దావిడ, చదువుకున్న గొంతు.

"మల్లీశ్వరి గారేనామ్మా? నా పేరు ఛాయాదేవి. బెజవాడ నుంచి మాట్లాడుతున్నాను. మీరు నేసిన చీర కొనుక్కున్నాను."

"చెప్పండమ్మా. రంగేమన్నా దిగిందా?"

"లేదమ్మా, చీర నిక్షేపంలా ఉంది. మీవారు పోయి ఎన్నాళ్ళయింది?"

ఎదురుగా కుర్చీలో కూర్చుని, స్టూలు మీద కంచం పెట్టుకుని అంకమ్మరావు ఉల్లిపాయ ముక్క కొరుకుతున్నాడు. ఆ కరకర ఫోన్లోకి కూడా వినపడే ఉంటుంది.

"మా ఆయన ఎక్కడికీ పోలేదండీ. ఇక్కడే ఉన్నాడు," అంది మల్లీశ్వరి.

అవతల గొంతు వణికింది. "అంతేనమ్మా. ఎక్కడికీ పోరు. మనతోనే ఉంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది. ఆదివారం వస్తానమ్మా, మిమ్మల్ని చూడాలని ఉంది," అని ఏడుపు ఆపుకోలేక కాబోలు పెట్టేసింది.

"ఎవరే?" అన్నాడు అంకమ్మరావు.

"ఎవరో పిచ్చిమాలోకం. నువ్వు పోయావంటోంది."

"నేనా? ఎప్పుడు?" అని ఆయన ఇంకో ముక్క కొరికాడు.

శుభమా అని అన్నం తింటున్న మనిషిని పట్టుకుని ఇవేం మాటలు! మల్లీశ్వరికి ఆ పూట ముద్ద దిగలేదు. చీర కొన్నావిడకి ఆ కబురు ఎక్కడ అందిందా అని ఆలోచిస్తే, చీరతో పాటు వెళ్ళే కార్డు గుర్తొచ్చింది.

పెడనలో వాళ్ళది గుంట మగ్గం. పెళ్ళయిన కాడి నుంచి అంకమ్మరావు నేస్తుంటే మల్లీశ్వరి నూలు కండెలు చుట్టేది. నిరుడు ఆయన మోకాళ్ళు పాడై, గుంటలో దిగితే మళ్ళీ లేవలేక ఇద్దరు మనుషులు పట్టి లాగాల్సి వచ్చేది. డాక్టరు ఇక మగ్గం జోలికి వెళ్ళొద్దన్నాడు. అప్పట్నుంచీ మల్లీశ్వరి నేస్తోంది, ఆయన కండెలు చుడుతున్నాడు. నేసిన చీరలన్నీ మల్లీశ్వరి అన్న కొడుకు దుర్గాశంకర్‌కే వేస్తారు. వాడికి బెజవాడ వన్‌టౌన్‌లో చీరల కొట్టు ఉంది. ఈమధ్య ఫోన్లలో అమ్మడం మొదలుపెట్టాడు. ఒక్కో చీరతో పాటు నేసినవాళ్ళ గురించి నాలుగు మాటలు అచ్చేసి పంపితే బాగుంటుంది, నువ్వే రాయి అత్తా అన్నాడు.

రాసింది పాపం. పెన్ను పట్టి ఎంత కాలమైందో! కొట్టేసి, మళ్ళీ రాసి, తెల్లకాగితం మీద శుభ్రంగా ఎత్తి ఫోటో తీసి పంపింది. "ఈ చీర మా ఇంట్లో మగ్గం మీద నేసింది. ఇదివరకు మా ఆయన నేసేవాడు. ఆయన మోకాళ్ళు అరిగినందువల్ల ఇప్పుడు నేను నేస్తున్నాను, ఆయన కండెలు చుడుతున్నాడు. మొదటిసారి ఉప్పునీళ్ళలో నానబెట్టి ఉతకండి. రంగు దిగితే మొహమాటపడకుండా ఫోను చేయండి." ఇదీ ఆవిడ రాసింది. మొహమాటపడకుండా అన్న మాట తనకే ఎంతో నచ్చింది. దుర్గాశంకర్ చేతులు జోడించిన బొమ్మలు మూడు పంపాడు. అచ్చయిన కార్డు ఎలా ఉందో అడగాలని ఆవిడకి తోచలేదు.

ఇప్పుడు అడిగింది. వాడు తెల్లారి ఎప్పుడో పంపాడు. మల్లీశ్వరి కళ్ళజోడు పెట్టుకుని మొగుడికి వినపడేలా చదివింది.

"నేను మల్లీశ్వరిని. నా జీవితపు పడుగులో ఒక దారం తెగిపోయింది. నా భర్త మౌనంగా విడిచి వెళ్ళిన మగ్గం మీద, ఆయన జ్ఞాపకాలనే పేకగా చేసి నేస్తున్నాను. ఆయన కూర్చున్న చోటే కూర్చుంటాను. ఆయన తొక్కిన చెక్కనే తొక్కుతాను. ఆ చెక్క ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఇది చీర కాదు, నా కన్నీటి కథ."

మౌనంగానట! ఈ మహానుభావుడు నిద్రలో కూడా మాట్లాడతాడే, వీధివీధంతా వింటుందే, ఈయన మౌనంగా వెళ్ళాడట! కన్నీటి కథట! కొత్త చీర మీద నీటిచుక్క పడితే మరకవుతుందని నీళ్ళ చెంబు దూరంగా పెట్టుకుని నేసే మనిషి, కన్నీళ్ళు కార్చుకుంటూ నేస్తుందట! పోనీ ఉప్పునీళ్ళ మాటైనా ఉంచారా? అదీ లేదు. కొన్నవాళ్ళకి పనికొచ్చే ముక్క ఒక్కటీ మిగల్చలేదు. కింద ఫోను నంబరు మాత్రం ఉంచారు, పరామర్శలకి కాబోలు.

అంకమ్మరావు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "బాగా రాశాడే! నాకే ఏడుపొస్తోంది."

"నవ్వు! నీకేం, నవ్వుతావు. తాడు తెగింది నాది!"

దుర్గాశంకర్ ఆదివారం పొద్దున్నే దిగాడు, మావయ్యకి ఇష్టమని బందరు లడ్డూ పొట్లం పట్టుకుని. మల్లీశ్వరి ఆ పొట్లం అందుకోలేదు.

"ఒరే శంకరం, నా మొగుణ్ణి చంపిందెవడ్రా?"

"అయ్యో అత్తా, ఎవరూ చంపలేదు. ఇప్పుడు ఫోన్లో ఏఐ ఉంటుంది కదా. మనం ముతగ్గా రాసిచ్చినా అది నున్నగా దిద్దిపెడుతుంది. మోకాళ్ళ గొడవ కొనేవాళ్ళకెందుకని ఆ ముక్క తీసేసి మిగతాది ఇచ్చాను. మనసుకు హత్తుకునేట్టు, అచ్చం నీ సొంత గొంతులో రాయమన్నాను. ‘ఇదివరకు ఆయన నేసేవాడు, ఇప్పుడు నేను నేస్తున్నాను’ అని ఉందిగా. మావయ్య లేడనుకుంది."

"నా సొంత గొంతా? నా గొంతు నా దగ్గరుందిగా! నేను రాసిచ్చానుగా! దాన్నడగడం దేనికి, నన్నడిగితే నోరు పడిపోతుందా?"

"నువ్వు రాసింది బాగానే ఉందత్తా. కాకపోతే మందుల చీటీలా ఉంది."

"మరి తప్పని తెలిశాక మార్చొచ్చుగా?"

దుర్గాశంకర్ తల గోక్కున్నాడు. "మారుద్దామనే అనుకున్నా. అప్పటికే జనం చదివి ఏడుస్తున్నారత్తా. ఫోటోలు తీసి ఒకళ్ళకొకళ్ళు పంపుకుంటున్నారు. చలికాలమంతా నీ మగ్గం ఖాళీగా ఉందా లేదా? ఇప్పుడు చేతినిండా పనుందా లేదా? ఎవరికి నష్టం చెప్పు. కోటి విద్యలు కూటి కొరకే అన్నారు."

కోటి విద్యల్లో మొగుణ్ణి చంపుకునే విద్య కూడా ఉందా అని అడిగేదే. కానీ మగ్గం ఖాళీగా ఉన్న రోజులు ఆవిడకీ గుర్తే. కండె కూడా ఆడని ఇంట్లో అంకమ్మరావు గోడకేసి చూస్తూ కూర్చున్న రోజులు. ఆవిడ లడ్డూ పొట్లం అందుకుని మొగుడి ముందు పెట్టింది.

అప్పుడు దుర్గాశంకర్ అసలు సంగతి బయటపెట్టాడు. ఛాయాదేవి గారు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయి ఏడాది కావస్తోంది. ఆయన పేరు మీద కాలేజీలో పనిచేసే ఆయాలందరికీ మల్లీశ్వరి చేతి చీరలే పెట్టాలని పట్టుబట్టారు. ఇంకాసేపట్లో కారులో వస్తారు. "మావయ్య ఆ ఒక్క గంటా అలా టీకొట్టు దగ్గర కూర్చుంటే చాలు."

మల్లీశ్వరి మొగుడి వైపు చూసింది. ఈయన ఒప్పుకోడు, చెప్పు తీసుకుంటాడు అనుకుంది. అంకమ్మరావు లడ్డూ చప్పరిస్తూ, "దానిదేముందిరా, ఎలాగూ టీ టైమే," అని లేచి కండువా భుజాన వేసుకున్నాడు.

చచ్చినవాడే ఒప్పుకున్నాక బతికున్నదాని మాట ఎవరిక్కావాలి! కుంటుకుంటూ వీధి మొదట్లోకి పోతున్న ఆయన్ని చూసి ఆవిడ లడ్డూ పొట్లం విసురుగా గూట్లో పడేసింది.

"అత్తా," అన్నాడు దుర్గాశంకర్ మెల్లగా. "ఆ బొట్టు కొంచెం..."

"చెయ్యి పడిందంటే విరగ్గొడతా!"

వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. "సర్లే, ఈ రోజుల్లో అందరూ పెట్టుకుంటున్నార్లే," అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

కారు సందులోకి రాలేక వీధి చివరే ఆగింది. ఛాయాదేవి నడిచొచ్చింది. నెరిసిన జుట్టు, నూలు చీర, నుదుట చిన్న బొట్టు. గుమ్మంలోనే మల్లీశ్వరి రెండు చేతులూ పట్టుకుంది. "మీరూ తీయలేదన్నమాట. మంచి పని చేశారు. మావాళ్ళు తియ్యమంటే నేను తియ్యనన్నాను."

మల్లీశ్వరి చేతులు లాక్కోబోయి, లాక్కోలేక ఊరుకుంది. దుర్గాశంకర్ కుర్చీ తెచ్చి వేశాడు. ఇందాక అంకమ్మరావు కూర్చున్న కుర్చీయే. ఆవిడ కుర్చీలో కూర్చోలేదు, వచ్చి మగ్గం పక్కన నేల మీద చతికిలబడింది. సంచిలోంచి కార్డు తీసింది. అంచులు నలిగి మెత్తబడి ఉన్నాయి.

"ఆయన పోయాక నాకు ఎంతమంది ఎన్ని చెప్పారో! ధైర్యంగా ఉండండి అన్నారు. కాలమే మందన్నారు. ఒక్కటీ లోపలికి పోలేదమ్మా. ఒకనాడు చీర విప్పితే ఇది పడింది. ‘ఆ చెక్క ఇంకా వెచ్చగానే ఉంటుంది.’ ఆయన పడక్కుర్చీ మీద నేను కూర్చుంటే నాకు అచ్చం అలాగే ఉంటుంది. చెప్తే పిచ్చిదనుకుంటారని ఎవరికీ చెప్పలేదు. లోకంలో ఇంకొకావిడకి కూడా అలాగే ఉందని తెలిసి, ఆ రోజు నేను అన్నం తిన్నాను. ఈ మాట అనుభవించినవాళ్ళు తప్ప రాయలేరు." ఆవిడ గుంటలోకి వంగి చూసింది. "ఆ చెక్క ఒకసారి ముట్టుకోవచ్చా అమ్మా?"

మల్లీశ్వరి దుర్గాశంకర్ వైపు చూసింది. వాడు తలతో సైగ చేస్తున్నాడు, కానివ్వు, కానివ్వు అని. ఛాయాదేవి చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని గుంటలోకి చెయ్యి చాపింది. అంతే. ఇంక మల్లీశ్వరి వల్ల కాలేదు. తాళి మీద అబద్ధమాడినా పాపం తనది, తనే పడుతుంది. ఈ తల్లి నిజం దుఃఖం తెచ్చి ఉత్త చెక్క మీద పెడుతుంటే చూస్తూ కూర్చోవడమా! ఛీ!

ఒక్క విసురున గుమ్మంలోకి వెళ్ళింది. ఏవయ్యా అని పిలిస్తే టీకొట్టు దగ్గరున్న మగాళ్ళందరూ తిరిగి చూస్తారు. పెళ్ళినాడు తలుపు దగ్గర ఆడపడుచులు నిలదీసినప్పుడు కూడా మొగుడి పేరు పదాల మధ్య దాచి గొణిగిందే తప్ప ఆవిడ నోరారా అన్నది లేదు. రేషన్ కార్డు దగ్గరా, బ్యాంకు దగ్గరా కాగితం చూపించేది. అలాంటి మనిషి గుమ్మం పట్టుకుని, సందు దద్దరిల్లేలా అరిచింది.

"అంకమ్మరావూ! ఒరే అంకమ్మరావూ! బతికున్నావా లేదా? బతికుంటే ఇంటికి రా!"

"ఓయ్!" అని టీకొట్టు దగ్గర్నుంచి కేక వచ్చింది. పేరు పెట్టి పిలిచేసరికి ఇంట్లో ఏం కొంప మునిగిందోనని ఆ మనిషి మోకాళ్ళ సంగతే మర్చిపోయి, చేతిలో టీగ్లాసు ఒలికిపోతున్నా చూసుకోకుండా పరుగులాంటి నడకతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏంటే? ఏమైంది?"

ఛాయాదేవి గుంటలోంచి చెయ్యి తీసుకుని మెల్లగా లేచింది.

"ఈయనేనండీ మా ఆయన," అంది మల్లీశ్వరి. కోపంతో మాట తడబడుతోంది. "మోకాళ్ళు అరిగాయి, అంతే. నేను అదే రాశానండీ. ఈయన మోకాళ్ళూ, ఉప్పునీళ్ళూ, అంతే రాశాను. మిగతాది నాది కాదు. ఇందాకట్నుంచీ నోరు మూసుకుని కూర్చున్నానే, ఆ తప్పు మాత్రం నాదే. తిట్టండి, పడతాను."

"మరి ఆ చెక్క మాట రాసిందెవరు?"

"ఎవరూ రాయలేదండీ," అంది మల్లీశ్వరి.

ఛాయాదేవి దుర్గాశంకర్ వైపు తిరిగింది. వాడు నేల చూపులు చూస్తూ, ఏఐ అనీ, మనసుకు హత్తుకునేలా అడిగాననీ, మీకు ఓదార్పే కదా మేడం కలిగింది అనీ ఏదో నసిగాడు.

"ఓదార్పా?" అంది ఆవిడ. అరవలేదు. క్లాసులో వెనక బెంచీదాకా వినపడే గొంతు అది. "నాకు తోడుగా ఇంకొకావిడ ఉందనుకున్నాను బాబూ. ఇన్నాళ్ళూ ఎవరూ లేని చోట కూర్చుని మాట్లాడుతున్నానన్నమాట."

కార్డు మగ్గం మీద పెట్టేసింది. గుమ్మం దాటబోతూ అంకమ్మరావు ముందు ఆగి, ఆ మనిషిని తలనుంచి కాళ్ళదాకా, చొక్కా మీద ఒలికిన టీతో సహా చూసింది. మళ్ళీ దుర్గాశంకర్ వైపు తిరిగింది.

"నేను ఏడాది నుంచి పిలుస్తున్నాను. ఈవిడ ఒక్క కేక వేస్తే వచ్చాడు. ఈ రెంటికీ తేడా ఆ యంత్రానికి తెలియదు, సరే. అమ్మ కడుపున పుట్టావు, నీకు తెలియదా?"

ఏం అడిగినా రాసిపెట్టే ఫోను దుర్గాశంకర్ చేతిలోనే ఉంది.