రిజిస్టర్‌లో రెండు గళ్లే

జైల్లో అతన్ని షికారు అనేవాళ్లు. పొద్దున లేచింది మొదలు వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉంటాడు. రెండు నెలల కిందటి దాకా టైలరు. జైలు కుట్టుపనిలో రోజుకి ఎనిమిది గంటలు మిషను ముందు కదలకుండా కూర్చున్న మనిషి.

ఆస్పత్రి గదిలో సిస్టర్ వార్డర్ల పుస్తకం వెనక్కి తిరగేసింది. తల్లి పోయిన కబురు వచ్చాక, 'ఏడుస్తున్నాడు' అని రాశారు. పది రోజులు అదే మాట. పదకొండో రోజు మనిషిని నెమ్మదింపజేసే మందు సూది వేశారు. ఇంకో నాలుగు రోజులకి 'కుదురు లేదు' మొదలైంది. డాక్టరు పదిహేను రోజులకోసారి వచ్చి గంటలో నలభైమందిని చూస్తాడు. చూసేది పుస్తకాన్ని, మనుషుల్ని కాదు. కుదురు లేదని కనబడ్డ ప్రతిసారీ మోతాదు పెంచాడు.

ఆమె అతన్నే అడిగింది.

"కూర్చుంటే కాళ్లలో చీమలు పాకుతున్నట్టుంది సిస్టర్. నడిస్తే కాస్త నయం," అన్నాడు, అడుగు ఆపకుండానే.

అది సూది చేసిన పనే. డాక్టరుకి ఫోన్ చేసి చెప్పింది. పదకొండింటికి అతను విడుదల కమిటీ ముందుకి వెళ్లాలి, ఈలోగా సూది పడాలి, అక్కడ గోల చేస్తే ఎవరిది పూచీ అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

"వేసేయండమ్మా," అన్నాడు పెద్ద వార్డరు. "మానేస్తే మళ్లీ ఏడుపు. వినలేక చచ్చాం."

"అమ్మ పోతే ఏడవక నవ్వుతాడా అన్నా? ఏడుపుకి సూదేంటి?"

వేయకపోతే మానె, రోగి వద్దన్నాడని టిక్కు పెట్టేయమన్నాడాయన. మందుల రిజిస్టర్‌లో ఉన్నవి రెండే గళ్లు: ఇచ్చాం, రోగి నిరాకరించాడు. రెండో గడిలో టిక్కు పడితే కమిటీ ఆ ఫైలు మళ్లీ ఏడాదికి గానీ తెరవదు. ఆమె పాత పేజీలు చూసింది. మందు స్టాకు లేని రోజున కూడా నలభైమందీ నిరాకరించారనే ఉంది. అలాంటి రోజులు ఐదు. రెండింట్లో టిక్కులు ఆమె పెట్టినవే.

స్కేలు తీసుకుని పక్కన మూడో గడి గీసింది. 'నర్సు వేయలేదు' అని రాసి, ఏడుపు తేదీ, సూది తేదీ, నడక తేదీ ఎక్కించి సంతకం పెట్టింది. ఆ ఐదు రోజుల పక్కనా 'మందు లేదు' అని రాసింది. రిజిస్టర్ చంకన పెట్టుకుని కమిటీ గది వైపు బయల్దేరింది.

రిజిస్టర్ గడప దాటకూడదని, పైవాళ్లకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని వార్డరు వెంటపడ్డాడు.

"పైవాళ్లకి చెప్పడానికేగా అన్నా వెళ్తోంది," అని ఆమె తలుపు తోసింది.