రెండు నిమిషాల బలం

ప్లాస్టర్ తీసిన రోజు రెబ్కా తన ఎడమ జబ్బను తానే గుర్తుపట్టలేకపోయింది. బాపట్ల నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఢిల్లీ ఆస్పత్రుల్లో రోగుల్ని లేవనెత్తిన నర్సు చెయ్యి అది. ఆటో బోల్తాపడి ఎముక విరిగాక, రెండు నెలలకే పుల్లలా అయిపోయింది.

ఐసీయూకి తిరిగి రావాలంటే పరీక్ష నెగ్గాలన్నారు. గుండె ఆగిన మనిషికి చేసినట్టే, బొమ్మ ఛాతీని రెండు నిమిషాల పాటు తగినంత లోతుకు నొక్కాలి. లోతు చాలితే పచ్చ లైటు, చాలకపోతే ఎర్ర లైటు. మొదటిసారి నిమిషం తిరక్కుండానే ఎరుపు వెలిగి, మరి ఆరలేదు.

"ఆరు వారాలు టైమిస్తున్నాం. అప్పటికీ కాకపోతే ఓపీకి మారుస్తాం," అన్నారు సూపరింటెండెంట్.

ఢిల్లీ పక్కనున్న వైశాలిలో ఆమెకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు అనుగ్రహ, ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల. నాలుగో రోజు వాచిన భుజం చూసి నిలదీసింది.

"సచ్ బతాయియే ఆంటీ, నిజం చెప్పండి, నేను చెప్పినదానికంటే ఎక్కువ చేస్తున్నారు కదా?"

"పొద్దునా సాయంత్రం చేస్తున్నానమ్మా. టైమెక్కడుంది మరి?"

"బరువెత్తితే కండ అలిసిపోతుంది, బస్, అంతే. బలం వచ్చేది రెస్ట్‌లో. మీరు దానికి ఆ టైమే ఇవ్వట్లేదు. వాపు తగ్గాక రోజు విడిచి రోజు చేద్దాం. వారం వారం కొంచెం బరువు పెంచుదాం."

ఊరికే కూర్చునే రోజులే రెబ్కాకు నరకమయ్యాయి. డంబెల్ వంక చూస్తూ చేతులు ఒళ్లో బిగించుకునేది. ఒక కిలో రెండయింది, ఐదో వారానికి నాలుగయింది. అయినా నిద్రలో ఎర్ర లైటే కనబడేది.

పరీక్ష రోజు మొదటి నిమిషం సాఫీగా గడిచింది. తొంభై సెకన్ల దగ్గర భుజం భగ్గున మండింది. చెమట కళ్లలోకి దిగింది. ఎరుపు రెండుసార్లు వెలిగింది!

రెబ్కా పళ్లు బిగబట్టింది. మోచేతులు నిటారుగా పెట్టి, ఒంటి బరువంతా అరచేతుల మీదికి తెచ్చి నొక్కింది. జబ్బ వణికింది గానీ వంగలేదు. పచ్చ లైటు. మళ్లీ పచ్చ.

"బస్ కీజియే సిస్టర్, టైమ్ అయిపోయింది," అని సూపరింటెండెంట్ వీపు తట్టేదాకా ఆమె ఆగలేదు.

"పాసేనా మేడం?"

"రెండుసార్లు లోతు తగ్గింది. ఐదుసార్ల దాకా పర్వాలేదు. సోమవారం ఐసీయూకి రండి."

పరీక్ష కాగితం మీద సంతకం చేయబోతే అలిసిన వేళ్ల నుంచి పెన్ను జారింది. రెబ్కా నవ్వుతూ వంగి తీసుకుంది.