సిద్ధమ్మ ఎడమ బుగ్గ

గేటు పక్క గోడకు ఇనుప చట్రంలో బిగించిన ట్యాబ్ ముందు సిద్ధమ్మ మళ్లీ నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తెర మీద ఎర్ర వలయం ఆమె ముఖం చుట్టూ తిరిగి తిరిగి ఆగిపోయింది. ‘ఫేస్ నాట్ మ్యాచ్డ్’ అంది లోపలి ఆడగొంతు, ఎంతో మర్యాదగా. వెనక వరసలో టీచర్లు క్యారియర్లు పట్టుకుని సణుగుతున్నారు.

“నీ కండ్లు కాల, గుడ్డిముండా,” అంటూ సిద్ధమ్మ రొండిన దోపుకున్న వక్కాకు తిత్తి తీసింది. ఇప్పుడు అందులో ఆకూ లేదు, వక్కా లేదు. ఉసిరికాయంత గుడ్డ ఉండ ఒకటి ఉంది. పాత పంచె గుడ్డను గట్టిగా చుట్టి, విడిపోకుండా ఎర్రదారంతో కుట్టుకున్నది. దాన్ని నోట్లో వేసుకుని నాలుకతో ఎడమ బుగ్గలోకి తోసింది. తోసేటప్పుడు నొప్పికి కన్ను మూతపడింది. బుగ్గ ఉబ్బింది. వలయం పచ్చగా మారి, ‘థాంక్యూ, సిద్ధమ్మా’ అంది.

ఆ స్కూలు పేరులో ఇంటర్నేషనల్ ఉంది, టెక్నో ఉంది, ఒలింపియాడ్ ఉంది. పిల్లలు ఆడుకోవడానికి జాగా మాత్రం లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ధర్మవరంలో పట్టుచీరల కొట్టు నడిపిన ఆసామి మొదట ఇక్కడే, పెనుకొండలో, రేకుల షెడ్డు వేసి నర్సరీ పెట్టాడు. అది నిలదొక్కుకున్నాక హిందూపురంలో ఒకటి, ఆ తర్వాత ధర్మవరంలో మూడంతస్తుల మెయిన్ బ్రాంచి. పోయినేడు బెంగళూరు నుంచి టైలు కట్టుకున్న వాళ్లు ఇద్దరు వచ్చి, దోసెలు తిని, ఇకమీదట మీ చదువులన్నీ క్లౌడ్‌లోనే ఉంటాయని చెప్పి పోయారు. పాఠాలు, మార్కులు, హాజరు, ఎక్కడో కంటికి కనబడని కంప్యూటర్లలో భద్రంగా ఉంటాయట. మూడు ఊళ్లలో ఎక్కడ మీట నొక్కినా ప్రత్యక్షమవుతాయట. ఇప్పుడు కరస్పాండెంటైన ఆ ఆసామి మైకు పట్టుకుని గంటసేపు దాన్ని పొగిడాడు. అదేమిటో ఆయనకూ సరిగ్గా తెలియదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు, చప్పట్లు మాత్రం దండిగా పడ్డాయి.

అప్పటినుంచి టీచర్లకు పని తగ్గి, హోదా పెరిగింది. పాఠం టీవీలో వస్తుంది. టీచరు పక్కన నిలబడి ‘సైలెన్స్’ అంటే చాలు. గాలి కాస్త గట్టిగా వీచి నెట్టు పోయిందంటే, ముప్పై ఏళ్లుగా లెక్కలు చెప్పిన మనిషి కూడా నల్లబల్ల వైపు అపరిచితుణ్ణి చూసినట్టు చూసి, నెట్టు వచ్చేదాకా ఫోను గోకుతూ కూర్చుంటాడు. పిల్లలు ఆ కాసేపట్లోనే కాస్త ఊపిరి పీల్చుకుంటారు.

స్టాఫు ముఖాలను క్లౌడ్‌లోకి ఎక్కించిన రోజున సిద్ధమ్మ వరసలో అందరికంటే చివర నిలబడింది. ఎల్‌కేజీ పిల్లవాడొకడు నిక్కర్లో కానిచ్చేస్తే కడిగి వచ్చింది మరి. కంప్యూటర్ మేడం షబానా ట్యాబ్ పట్టుకుని, “ఈడ చూడవ్వా, కదలొద్దు,” అంది. సిద్ధమ్మ కదలలేదు. కానీ పెళ్లయిన నాటినుంచి ఆమె ఎడమ బుగ్గలో ఉండే వక్కాకు, కడ్డీపుడి పొగాకు ముద్ద కూడా కదలలేదు. ఉమ్మి రమ్మని ఎవరికీ తోచలేదు. సిద్ధమ్మ బుగ్గ ఉబ్బి ఉండడం మనిషికి ముక్కు ఉన్నంత సహజం అందరికీ. ఆ బుగ్గతోనే ఆమె క్లౌడెక్కింది.

చేత్తో రాసే హాజరు పట్టీలు ఆ వారమే పాతసామాన్ల గుజిరీకి పోయాయి.

బుగ్గ లోపల పుండు లేచిన సంగతి ఆమె చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. కారం తగిలితే ప్రాణం పోయేది. హిందూపురం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ టార్చి వేసి చూసి, ఆర్పి, మళ్లీ వేసి చూసింది. తర్వాత, “ఈ రోజుతో వక్కాకు బంద్. ఆ బుగ్గలో ఇంక ఏదీ పెట్టొద్దు. అన్నం కూడా కుడి వైపే నమలు. నెలకోసారి వచ్చి చూపించుకో,” అంది. ఎవరు చెప్పినా వినని సిద్ధమ్మ, ఆ రెండో చూపుకు భయపడి, బస్టాండు బయట తిత్తిలోది మొత్తం కాలువలో దులిపేసింది.

మర్నాడు మిషన్ ఆమెను ఎరగనంది. ఆ మర్నాడూ అంతే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఏడాదిలో మూడుసార్లు గైర్హాజరు పడితే పేరు దానంతటదే కొట్టుకుపోతుంది, తర్వాత దేవుడు దిగివచ్చినా జీతం రాదు. మొగుడు వేరుశనగ మిల్లులో మూటలు మోసి మోసి ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ఉండేది స్కూలు వెనక సామాన్ల గదిలో. పేరు పోతే ఆ గదీ పోతుంది. అందుకని మూడో రోజు పొద్దున్నే పాత పంచె చించి, సూదీ దారం పట్టుకుని కూర్చుంది. ఇలా, చదువు చెప్పే చోట, ముసలిది రోజూ పొద్దున తన పుండు మీద గుడ్డ తోసుకుంటే తప్ప తాను తాననిపించుకోలేని ఏర్పాటొకటి కుదిరింది. దానికి మూడు ఊళ్లలో ఫ్లెక్సీలు కూడా కట్టారు.

ఈ రోజు పొద్దున పచ్చ వలయం పడ్డాక ఆమె ఉండను బయటికి తీస్తే, దానికి నెత్తురు అంటుకుని ఉంది. షబానా చూసింది. చూసిన తర్వాత వలయం వైపు చూడలేకపోయింది.

“అవ్వా, ఇది ఈడ కాదు. ముఖం మార్చే అధికారం మెయిన్ బ్రాంచిలో ఉండాది. హుస్సేనన్న ట్యాబులు తెచ్చేదానికి ధర్మవరం పోతాండాడు. నువ్వు కూడా పో. శివకృష్ణ సార్ అని ఉంటాడు, ఆయప్పనే చేయాల.”

ప్రిన్సిపాల్ నరేష్ అటుగా వచ్చి, విషయం సగం విని, “అప్‌డేట్ చేయించుకో అవ్వా, టెక్నాలజీతో పాటు మనమూ మారాల,” అని చెప్పి వెళ్లిపోయాడు. ఎద్దు ఈనిందంటే గాట కట్టేయమనే రకం.

సిద్ధమ్మ వెంటనే బయలుదేరలేదు. నర్సరీ పిల్లలను ఎవరికి వదలాలి? ఏడ్చేవాళ్ల ముక్కులు తుడిచింది, ఏడవనివాళ్ల రిబ్బన్లు కట్టింది. తనూజ అనే పిల్ల రోజూ లాగే వచ్చి ఆమె చిటికెనవేలు పట్టుకుంది. ఆ పిల్ల ఆమె ముఖం వైపు తల కూడా ఎత్తలేదు. వేలు చాలు దానికి. “వస్తాలే, ఈడనే ఉండు,” అని వేలు విడిపించుకునేసరికి వ్యాను హారను మోగింది.

డ్రైవరు హుస్సేన్ ఎర్రమంచి దాకా వ్యానును బస్సుల వెనకే నడిపాడు. కార్ల ఫ్యాక్టరీ వైపు పోయే బస్సులన్నీ దాటిపోయాక, “నొప్పిగా ఉండాదా సిద్దవ్వా?” అన్నాడు.

“నొప్పి సంగతి ఇడిసిపెట్టప్పా. నాకు సిగ్గుగా ఉండాది. ఇన్నేండ్లు ఈడ చేసినా. నేను నేనే అని గోడకు చెప్పుకోవాల్నా?”

హుస్సేన్ మామిళ్లపల్లి దగ్గర టీ ఇప్పించాడు. ఆమె అది చల్లారేదాకా పట్టుకుని, కుడి వైపు నుంచి కొద్దికొద్దిగా తాగింది.

మెయిన్ బ్రాంచిలో లోపలికి పోవాలన్నా గోడ మీద ట్యాబ్ ఉంది. సిద్ధమ్మ దాని వైపు ఒక్క చూపు చూసి, మెట్ల మీద కూర్చుంది. పైనుంచి కరస్పాండెంటు దిగాడు. రేకుల షెడ్డు రోజుల్లో ఆయన తానే గంట కొట్టేవాడు. మధ్యాహ్నం సిద్ధమ్మ తెచ్చిన జొన్నరొట్టె సగం ఆయనదే. ఆయన కొడుకు ముడ్డి కడిగింది ఈమె. అప్పట్లో అక్కా అని పిలిచేవాడు. సిద్ధమ్మ లేచి నిలబడి చేతులు జోడించింది. ఆయన ఫోనులో ‘విజన్’ అనీ, ‘ఫ్యూచర్’ అనీ అంటూ, ఆమె చుట్టూ తిరిగి, కారెక్కి పోయాడు. యజమానికే ముఖాలు ఆనకపోతే, పాపం ఆ మిషన్‌ను అని ఏం లాభం?

శివకృష్ణ గది నిండా ఏసీ చలి. గోడంత తెర మీద మూడు ఊళ్ల తరగతులు చిన్న చిన్న గళ్లలో కదులుతున్నాయి. అతనికి పాతికేళ్లుంటాయి. మంచివాడే. మంచివాడు కావడం అతని ఉద్యోగంలో భాగం కాదు, అంతే.

“ఏమవ్వా, ఏం సమస్య? నీకు రోజూ ప్రెజెంటే పడుతోంది కదా,” అని తెర మీదికి ఆమె ఫోటో తెచ్చాడు. గోడ మీద మనిషంత ఎత్తున సిద్ధమ్మ ముఖం, ఎడమ బుగ్గ ఉబ్బి, కళ్లలో అప్పుడే పిల్లవాణ్ణి కడిగి వచ్చిన విసుగుతో నిలబడింది. సిద్ధమ్మ దాన్ని పరాయి మనిషిని చూసినట్టు చూసింది.

“ఆ ముఖం వద్దప్పా నాకు. బుగ్గలో పుండు లేచిండాది. ఏమీ పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఈ వట్టి ముఖం ఎక్కియ్యి, నీకు పుణ్యముంటాది.”

శివకృష్ణ ఏవేవో నొక్కి చూశాడు. ఎవరికో ఫోను చేశాడు. చేసి, తల గోక్కున్నాడు.

“కాదవ్వా. ముఖం మార్చే ఆప్షన్ ఇయ్యలేదు వాళ్లు. పాతది తీసేస్తే నువ్వు పని మానేసినట్టు లెక్క. మళ్లీ ఎక్కిస్తే కొత్తగా చేరినట్టు. కొత్తగా చేరేవాళ్లకు అరవై దాటకూడదు. నీ వయసు కొడితే తీసుకోదు.”

“నువ్వు చెప్పు దానికి.”

“నేను చెప్తే ఇంటుందా అవ్వా, అది క్లౌడ్.”

“మరి ఎవురు చెప్తే ఇంటుంది?”

అతను పైకి చూశాడు. పైన సీలింగు, ఏసీ ఉన్నాయి. చివరికి గొంతు తగ్గించి, ఆమెకు మేలు చేస్తున్నాననే నమ్మకంతో అన్నాడు. “రోజూ ఒక్క నిమిషం కదవ్వా. ఆ గుడ్డ పెట్టుకో, తీసేయ్. ఏం పోతాది?”

సిద్ధమ్మ అతని ముఖం వైపు చూసింది. తిట్లు ఆమెకు కొదవ కాదు. పెనుకొండ కోట గుమ్మం దగ్గర నిలబడి తిడితే కింద బస్టాండులో వినబడే గొంతు ఆమెది. కానీ వీడు తిట్టుకు కూడా సరిపోడనిపించింది.

“ఏం పోదులే నాయనా,” అంది. “నీ సదువు సల్లగుండ.”

తిరుగు దారిలో ఆమె వ్యాను కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. హుస్సేన్ గుంతలు తప్పిస్తూ నిదానంగా నడిపాడు. దిగేటప్పుడు, “ఏమన్నారవ్వా?” అన్నాడు. “నా ముఖం దేవుడిచ్చింది కదా, అందుకని చెల్లదంట,” అని, తనూజను వ్యానెక్కించడానికి గబగబా లోపలికి పోయింది.

తర్వాత గుడ్డ ఉండ పని గుడ్డ ఉండ చేసింది. ఆసుపత్రికి పోవాల్సిన రోజులు వచ్చి పోయాయి. పోతే మూడో గైర్హాజరు పడుతుంది కాబట్టి సిద్ధమ్మ పోలేదు. షబానా రెండుసార్లు మెయిన్ బ్రాంచికి ఫిర్యాదు పంపింది. ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని రెండుసార్లూ జవాబు వచ్చింది. దసరా సెలవుల్లో హుస్సేన్ ఆమెను హిందూపురం తీసుకుపోతే, డాక్టరమ్మ ఈసారి టార్చి కూడా వేయలేదు. “ఇంత ఆలస్యం ఎందుకు చేసినావమ్మా?” అంది. సిద్ధమ్మకు చెప్పడానికి నోరు సరిగా తెరుచుకోలేదు.

సెలవుల తర్వాత స్కూలు తెరిచిన పొద్దున ఆమె ఎప్పటిలాగే గేటు దగ్గర నిలబడింది. వరసలో వెనక ఉన్నవాళ్లు సణగలేదు. తిత్తి తీసి, ఉండ చేతిలోకి తీసుకుంది. నోట్లోకి పెట్టబోయేలోగా వలయం తిరిగింది, ఆగింది, పచ్చబడింది.

‘థాంక్యూ, సిద్ధమ్మా.’

బుగ్గలో ఏమీ లేదు. బుగ్గే లోపలినుంచి అంత అయింది. సరిగ్గా ఆ ఫోటోలో ఉన్నంత.

షబానా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సిద్ధమ్మ మాత్రం ఉండ వైపు ఒకసారి, తెర వైపు ఒకసారి చూసి, గొంతులోంచి గరగరమని నవ్వింది. ముద్దముద్దగా, “ఇప్పుడు తెలిసిందే నీకు, గుడ్డిముండా,” అంది. ఇంక అవసరం లేదు కాబట్టి ఉండను ట్యాబ్ బిగించిన ఇనుప చట్రం మీద పెట్టి, పిల్లల దగ్గరికి పోయింది.

ఆ తర్వాత ఆమె గేటు దగ్గరికి వచ్చింది కొద్ది రోజులే. కార్తీకం చలి మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం, నర్సరీ పిల్లలు పడుకునే వేళ, సామాన్ల గదిలో చాప మీద పోయింది. తనూజ తలుపు దగ్గర నిలబడి పిలిచి, లోపలికి వచ్చి, చిటికెనవేలు పట్టుకుని లాగి చూసింది. తర్వాత షబానా వచ్చి పిల్లను ఎత్తుకుపోయింది.

మర్నాడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మూడు ఊళ్ల టీవీలలో ఒకే క్షణంలో సిద్ధమ్మ ముఖం కనబడింది. క్లౌడ్‌లో ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. కింద ఇంగ్లీషులో రెండు ముక్కలు, అందులో ఆమె పేరు తప్పు. పిల్లలు అర నిమిషం లేచి నిలబడ్డారు. ఆ వెంటనే, ఆలస్యం కాకుండా, గుణింతాల పాఠం మొదలైంది.

గేటు దగ్గర టీచర్లు వరసగా వచ్చి ముఖాలు చూపించి, థాంక్యూలు పుచ్చుకుని లోపలికి పోతున్నారు. వాళ్ల తలల పైన, ఇనుప చట్రం మీద, ఎర్రదారంతో కుట్టిన గుడ్డ ఉండ ఎండకు గట్టిపడి, పంటి గాట్లతో అలాగే ఉంది.