కాశ్యప గోత్రపు రిసీవర్లు

కోటయ్య కొడుకు హర్షిత్ ఫుట్‌బాల్ ఆడతాడు. కాలితో తన్నే రకం కాదు. చేత్తో విసిరి, చేత్తో పట్టి, పట్టినవాడి మీద నలుగురు పడి తొక్కే అమెరికా రకం. అందులో బంతిని గాల్లో అందుకునే రిసీవర్ మనవాడు. జీతమిచ్చే పెద్ద జట్టులోనే ఉన్నాడు. ఇంతవరకు చెప్తే ఎవరైనా అబ్బో అంటారు. మిగతాది చెప్తే, కోటయ్య ఉండే ఫార్మింగ్టన్ హిల్స్ అనే అమెరికా ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళంతా మూతి పక్కకు తిప్పుకుని నవ్వుతారు.

మిగతాది ఏమిటంటే, జట్టులో రిసీవర్లు ఆరుగురు. హర్షిత్ ఏడోవాడు. ఏడోవాడికి ప్రాక్టీస్ స్క్వాడ్ అని ఒక మర్యాద పేరుంది. వారమంతా మైదానంలో తన్నులు తిని, ఆదివారం ఆట రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని గీత అవతల నిలబడి చప్పట్లు కొట్టాలి. తోడుపెళ్ళికొడుకు ఉద్యోగం అన్నమాట. కొత్తబట్టలుంటాయి, పెళ్ళాం ఉండదు. పై ఆరుగురిలో ఎవడికైనా కాలో చెయ్యో పట్టేస్తేనే కిందివాడికి పిలుపు. పట్టెయ్యకపోతే ఏ మంగళవారమో ఆఫీసుకి పిలిచి, నువ్వు మంచివాడివి, వెళ్ళిరా అంటారు. ఇలా ఒకడి వెనక ఒకణ్ణి పేర్చి పెట్టుకోవడాన్ని కోచ్‌లు డెప్త్ అంటారు. కోటయ్య దానికి వేరే మాట వాడతాడు గానీ అది అచ్చులో బాగుండదు.

కోటయ్య పదో తరగతి తప్పి, బావమరిది పెట్టిన వీసా పిటిషన్ మీద ఈ దేశం వచ్చి, కారు తలుపులు వత్తే ఫ్యాక్టరీలో పాతికేళ్ళుగా నిలబడే ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా కూర్చుని సంపాదించేవాళ్ళు. అందులో శ్యామ్‌సుందర్ మరీ కుదురుగా కూర్చున్నవాడు. ఒక పుట్టినరోజు పార్టీలో, చేతిలో పేపర్ ప్లేటుతో ఎదురుపడ్డాడు.

"ఏం కోటయ్యగారూ, హర్షిత్ ఇంకా ప్రాక్టీసేనా? ఎన్నాళ్ళు చేస్తాడండీ? మా ఆరవ్‌కి రెసిడెన్సీ కూడా అయిపోవచ్చింది."

"మీవాడిది మనుషుల్ని కోసే పని గదండీ," అన్నాడు కోటయ్య. "తొందరగా నేర్చుకుంటేనే జనానికి మంచిది."

నోటితో గెలిచాడు గానీ ఆ రాత్రి నిద్రపోలేదు. శనివారం తెల్లారగానే తలంటుకుని గుడికి పోయాడు. దేవుడి మీద అతనికి పెద్ద నమ్మకమేం లేదు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ మీద ఉన్నంతే. అయినా పని కావాలంటే అడగక తప్పదు.

అతను వేసుకున్న లెక్క ఇది: అర్చనలో పంతులుగారు పేరూ గోత్రమూ చదువుతారు. అంటే అడ్రసు చెప్పడం పంతులుగారి పని. కబురు చెప్పుకోవడం తన పని. కాబట్టి దెబ్బ తగలవలసినవాళ్ళ అడ్రసులు సరిగ్గా ఇవ్వాలి. లేకపోతే అంత దూరంనుంచి దేవుడు మాత్రం ఎవణ్ణని వెతుకుతాడు?

"ఎవరి పేరు మీదండీ?" అన్నారు పంతులుగారు.

"ఆరుగురున్నారండి. ట్రేవాన్, డెరిక్, జమాల్..." కోటయ్య వరసగా చెప్పుకుపోయాడు.

పంతులుగారు కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. "మీ ఇంటి అమ్మాయిల్ని చేసుకున్నవాళ్ళా?"

"అబ్బే. మావాడితో పనిచేసేవాళ్ళండి."

"ఎంత మంచి మనసండీ మీది! గోత్రాలు?"

"గోత్రాలా? వాళ్ళకెక్కడివండీ?"

"తెలియకపోతే కాశ్యప గోత్రం. అందరికీ సరిపోతుంది."

ఆ విధంగా ఆరుగురు కండలు తిరిగిన రిసీవర్లు కాశ్యప గోత్రంలో చేరిపోయారు. పంతులుగారు గంట వాయించి మంత్రం అందుకున్నారు. వెనక కోటయ్య కళ్ళు మూసుకుని తన కబురు విన్నవించుకున్నాడు. "స్వామీ, ఎముక విరగొద్దు. పిల్లలు గలవాళ్ళు, అంత పాపం నాకొద్దు. తొడ కండరం ఒకటి పట్టేస్తే చాలు. ఎవరికైనా పర్లేదు. నీ ఇష్టం."

ప్రతి శనివారం వెళ్ళాడు. ప్రతి ఆదివారం టీవీ ముందు కూర్చుని ఆరుగురి కాళ్ళూ చూశాడు. ట్రేవాన్ మీద క్వింటాలున్నర మనిషి పడ్డాడు. ట్రేవాన్ లేచి, గడ్డి దులుపుకుని, డాన్స్ చేశాడు. డెరిక్ గుండ్రంగా దొర్లి కెమెరాల మధ్యకు పోయి, నవ్వుతూ వచ్చాడు. లీగులో జట్టు జట్టుకీ రిసీవర్లు పిట్టల్లా రాలుతున్నారు. ఇక్కడ మాత్రం ఒక్కడికీ జలుబైనా రావడం లేదు. ఇంత ఆరోగ్యమైన రిసీవర్లను తన జన్మలో చూడలేదని టీవీలో కూర్చున్న మాజీ ఆటగాడు ఆశ్చర్యపోయాడు.

ఆగలేక కోటయ్య భార్య దగ్గర బయటపడ్డాడు. రాజేశ్వరమ్మ చేతిలో చపాతీ కర్ర కింద పెట్టింది.

"వాళ్ళ పేర్ల మీద అర్చన చేయించారా?"

"అడ్రసు కోసమే!"

"పంతులుగారు పైకి చదివేదేమిటో ఎప్పుడైనా విన్నారా? ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధ్యర్థం! ఆయుష్షు, ఆరోగ్యం! మీ గొణుగుడు ఎవడు వింటాడు, అక్కడ మైకు ఆయన దగ్గరుంటే? తెల్లారినట్టే ఉంది మీ తెలివి. ఇంతకీ మనవాడి పేరు చదివించారా?"

చదివించలేదని కోటయ్యకి అప్పుడే తట్టింది.

ఆ తర్వాతి మంగళవారమే హర్షిత్‌ని ఆఫీసుకి పిలిచారు. ఫోన్ రాగానే కోటయ్య నిలబడే ఎత్తాడు.

"డాడ్, కూర్చో," అన్నాడు హర్షిత్. "నన్ను తీసుకున్నారు. వేరే టీమ్. సౌత్‌లో. వాళ్ళకి రిసీవర్స్ అందరూ హర్ట్ అయ్యారు. మన కోచ్ ఏమన్నాడు అంటే, మాకు ఆరుగురూ హెల్తీ, ఇంక నువ్వు అవసరం లేదు, గో అన్నాడు. నేను మెయిన్ టీమ్, డాడ్! ప్రాక్టీస్ కాదు!"

కోటయ్య ఫోన్ పక్కన పెట్టి, టవల్‌తో ముఖం తుడుచుకుని, శ్యామ్‌సుందర్‌కి ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. అందులో ముప్పావు వంతు అవతలివాడు ఊకొట్టడమే.

హర్షిత్ ఆదివారం ఆడాడు. రెండు బంతులు పట్టాడు. రెండోసారి పట్టినప్పుడు ముగ్గురు తొక్కారు. రాజేశ్వరమ్మ కళ్ళు మూసుకుంది. కోటయ్య మాత్రం ఎగిరి సోఫా ఎక్కాడు.

మళ్ళీ ఫోన్ వచ్చింది.

"డాడ్, ఒక ఫేవర్. ఇక్కడ కార్వర్ అని ఒక రిసీవర్, వాడిది స్టార్టింగ్ ప్లేస్. మోకాలికి సర్జరీ అయింది. నాకు గేమ్ మూవ్స్ అన్నీ వాడే నేర్పిస్తున్నాడు. ఎవ్రీ డే, కుంటుకుంటూ వచ్చి. అమ్మ చెప్పింది, నువ్వు ఆ సిక్స్ గైస్‌కి పూజ చేయించావంట కదా? దట్స్ సో స్వీట్, డాడ్. వర్క్ కూడా చేసింది. వాడికి కూడా చేయించు."

అంటే రాజేశ్వరమ్మ కొడుక్కి సగమే చెప్పిందన్నమాట. కోటయ్య వంటగది వైపు చూశాడు. ఆమె వీపు చూపించింది.

"ఒరే నాయనా, వాడి మోకాలు బాగైతే నువ్వెక్కడికి పోతావురా?"

"మే బీ ఇంటికి. తెలుసు డాడ్. వాడికీ తెలుసు నేను వాడి ప్లేస్‌లో ఉన్నాను అని. అయినా నేర్పిస్తున్నాడు. మరి నేనేం చెయ్యాలి? నువ్వు చెప్పు."

కోటయ్యకి చెప్పడానికి చాలా ఉంది. పాతికేళ్ళుగా పోగేసినదంతా ఉంది. కింద ఉన్నవాణ్ణి ఎవడూ చెయ్యిచ్చి లేపడని, లేపినా ఆ చేతికి ఏదో లెక్క ఉంటుందని. నోటిదాకా వచ్చింది. "సరేలే," అన్నాడు.

శనివారం గుడి ముందు కారాపి, ఇంజన్ ఆపకుండా చాలాసేపు కూర్చున్నాడు. ఇంటికి పోయి చేయించానని చెప్తే కనుక్కునేవాడెవడు? కార్వర్‌కైతే అర్చన అంటే ఏమిటో కూడా తెలియదు. చిక్కల్లా ఒకటే: అది పనిచేస్తుందని ఈ భూమ్మీద కోటయ్యకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. తిట్టుకుంటూ దిగాడు. చెప్పులు విడిచి విసురుగా ఓ మూలకి తన్నాడు.

"రెండు పేర్లండి," అన్నాడు పంతులుగారితో. "మా హర్షిత్. ఇంకొకడు కార్వర్. మోకాలికి."

పంతులుగారు మైకు సర్దుకున్నారు. ఆయుష్షూ ఆరోగ్యమూ గుడంతా మోగాయి. కోటయ్య కళ్ళు మూసుకున్నాడు. మైకు లేకపోయినా తన మాట కూడా ఒకటి వేసి పెడితే పోయేదేముంది?

"స్వామీ, ఆ కార్వర్ మోకాలు బాగు చెయ్యి. శుభ్రంగా, గట్టిగా చెయ్యి. హడావుడిగా చేస్తే పని చెడుతుంది, ఫ్యాక్టరీలో రోజూ చూస్తూనే ఉన్నా. సీజన్ ఎలాగూ జనవరికి అయిపోతుంది. ఫిబ్రవరికి లేచి నడిచినా మాకు సంతోషమే. తొందరేం లేదు."